నీళ్ళు వెనక్కి తగ్గిన గంటలో

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు బీచ్‌లో ఏం చేస్తారో అందరికీ తెలుసు. కాళ్ళు తడుపుకుంటారు, ఫొటోలు దిగుతారు, ముంత మిక్చర్ తింటారు, చీకటి పడ్డాక గదికి చేరతారు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం పక్కన, రుషికొండ దగ్గర, మంగమారిపేటలో నల్లగా పరుచుకున్న రాళ్ళ వైపు పిల్లలెవరైనా అడుగేస్తే "అటెళ్ళకు, జారతావు" అని వెనక్కి లాగుతారు. ఆ హెచ్చరిక సబబే. అయితే నెలలో కొన్ని రోజులు, ఆ రోజుల్లో కొన్ని గంటలు, సముద్రం ఆ రాళ్ళను వదిలి వెనక్కి తగ్గుతుంది. తూర్పు కనుమల రాయి నేరుగా బంగాళాఖాతంలోకి దిగే తీరం మనకు ఎక్కువ లేదు. బాపట్ల సూర్యలంక వైపు ఇసుక, కాకినాడ కోరంగి వైపు బురద, మడ అడవి. రాతి ఒడ్డు కావాలంటే ఉత్తరాంధ్రకే రావాలి. నీళ్ళు తగ్గినప్పుడు ఆ రాళ్ళ సందుల్లో, గుంటల్లో మిగిలిపోయే ప్రాణికోటిని చూడకుండానే లక్షలమంది విశాఖ చూసి వచ్చామనుకుంటున్నారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ఈ పుస్తకంలో ఇంతవరకు చెప్పుకున్న సాధనలన్నీ నాలుగు గోడల మధ్య చేసేవి. ఈ అధ్యాయానికి బయటికి రావాలి. శ్రద్ధగా చూసే అలవాటు పట్టుబడటానికి ఆటు వేళ బయటపడే రాతి గుంటను మించిన చోటు నాకు తెలియదు. అక్కడ నేర్చుకోవలసినవి రెండే: ఒకే చోట ఎక్కువసేపు ఉండటం, దేన్నీ ఇంటికి తేకపోవడం. రెండోది మొదటిదాని మీద ఆధారపడి ఉంది. తనివితీరా చూసినవాడికి తీసుకుపోవాలన్న ఆరాటం ఉండదు. హడావిడిగా చూసి వెళ్ళిపోయేవాడే గుర్తుగా ఉంటుందని ఏదో ఒకటి జేబులో వేసుకుంటాడు.

ఏ రోజు, ఏ వేళ

ముందు గోడ మీది తెలుగు క్యాలెండరు చూడండి. అమావాస్యకూ పున్నమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే గీత మీద పనిచేస్తుంది కాబట్టి పోటు బాగా పైకొస్తుంది, ఆటు బాగా కిందికి దిగుతుంది. సముద్రం ఈ లాగుడుకు కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. అందుకే అసలు పెద్ద ఆటు తరచూ తిథి వెళ్ళాక, పాడ్యమి విదియల్లో పడుతుంది. అష్టమి, నవమి రోజుల్లో చంద్రుడు ఒక పక్కకు, సూర్యుడు దానికి అడ్డంగా మరో పక్కకు లాగుతారు. ఆ రోజుల్లో వెళ్తే నీళ్ళు పెద్దగా తగ్గవు. సెలవు దొరికింది కదా అని ఏదో ఒక ఆదివారం వెళ్ళి, రాళ్ళన్నీ మునిగే ఉన్నాయని తిరిగొచ్చేవాళ్ళు చాలామంది.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు. ఈ రోజు ఏ వేళకు ఆటు వచ్చిందో రేపు దానికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఒకే తీరంలో అమావాస్య, పున్నముల ఆటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేళకు పడుతుంది. మీరు వెళ్ళబోయే ఊరికి అది ఏ వేళో ఒక నెల పట్టిక చూస్తే తెలిసిపోతుంది. ఆ పట్టికలు ఇచ్చేది మన హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనేది, ఆటుపోట్ల అంచనాలతోపాటు అలల హెచ్చరికలు కూడా ఇస్తుంది. ప్రయాణానికి ముందు రెండూ చూడాలి.

విశాఖలో పెద్ద ఆటు రోజున కూడా నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరే. ముంబైలో అది నాలుగు మీటర్లు దాటుతుంది. కాబట్టి మనకు రోజు ఎంచుకోవడం ముఖ్యం, నెల ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. బంగాళాఖాతంలో సగటు నీటిమట్టమే ఏడాది పొడవునా ఒకలా ఉండదు. ఈశాన్య రుతుపవనం మొదలయ్యే అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు బాగా తగ్గుతుంది. చలి వెళ్ళి ఎండలు ముదరని మాఘ, ఫాల్గుణాల్లో సముద్రం కూడా కొంత నెమ్మదిగా ఉంటుంది. మాఘ పున్నమికి సముద్ర స్నానానికి వెళ్ళే కుటుంబాలు మన వైపు బోలెడు. ఆ ప్రయాణానికే ఇంకో గంట కలుపుకోండి.

పట్టికలో ఆటు ఎన్ని గంటలకుందో దానికి గంట ముందే రాళ్ళ దగ్గర ఉండాలి. నీళ్ళు తగ్గుతున్నప్పుడు వాటి వెంట కిందికి దిగుతూ చూడటం, మళ్ళీ పెరగడం మొదలు కాగానే వెనక్కి రావడం. ఈ క్రమం తప్పవద్దు. ఆటు అంటే అలలు లేవని కాదు. విశాఖ రాళ్ళ మీద చాలాసేపు నెమ్మదిగా ఉండి ఒక్కసారిగా పెద్ద అల విరుచుకుపడటం మామూలే. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడినవాళ్ళు ఎంతమంది కొట్టుకుపోయారో ఆ ఊరివాళ్ళు చెబుతారు. ఒంటరిగా వెళ్ళకండి. ఆకుపచ్చ పాకుడున్న రాయి మీద అడుగు వేయకండి. పట్టున్న పాత బూట్లు వేసుకోండి. చెప్పులు జారతాయి, ఉత్త కాళ్ళు తెగుతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని విన్న రోజున తిథి ఎంత మంచిదైనా ఇంట్లోనే ఉండండి.

నీడ పడకుండా

గుంట దగ్గరికి వెళ్ళగానే ఏమీ కనబడదు. నీళ్ళు, రాయి, కొంచెం నాచు, అంతే. చాలామంది ఇక్కడే విసుగెత్తి పక్క గుంటకు, దాని పక్క గుంటకు తిరుగుతారు. అన్నిటిలోనూ ఏమీ కనబడదు.

ఒకసారి జోడుగుళ్ళపాలెం వైపు రాళ్ళ మీద వంగి నిలబడి చూస్తుంటే, ఆల్చిప్పలు కొట్టడానికి వచ్చిన ఒక పెద్దావిడ ఆగి అడిగింది.

"ఏటి బాబూ, ఏదైనా పారేసుకున్నారేటి?"

"లేదమ్మా, పీత ఒకటి ఈ సందులో దూరింది. బయటికొస్తుందేమోనని చూస్తున్నా."

"మరలా నిల్చుంటే ఎలా వస్తాది? మీ నీడ దాని మీదే ఉంది. ఇలా వచ్చి కూకోండి, సూర్యుడు మీ ఎదరుండాల. కదలకండి."

ఆవిడ చెప్పినట్టే కూర్చున్నాను. పీత వచ్చింది. ముందు కళ్ళు, తర్వాత ఒక డెక్క, తర్వాత మొత్తం. రాయి మీది నాచును రెండు డెక్కలతో మార్చి మార్చి గీరుకుని నోట్లో పెట్టుకుంటూ పోయింది. అంతకు ముందు ఎన్ని పుస్తకాల్లో చదివినా ఎవరూ నాకు నీడ సంగతి చెప్పలేదు. పక్షుల బారిన పడే ప్రాణులకు మీద పడే నీడంటే ముక్కు. మనం మంచివాళ్ళమని వాటికి ఎవరు చెబుతారు?

కాబట్టి మొదటి సాధన ఇది. ఒక గుంట ఎంచుకోండి. మీ నీడ పడని వైపు కూర్చోండి. పది నిమిషాలు చేతులు ఒళ్ళోనే ఉంచుకోండి. ఫోన్ సంచిలో పెట్టండి. మొదట కదిలేవి కనబడతాయి: బియ్యపు గింజంత రొయ్యలు, రాయి రంగులోనే ఉండి ఎగిరి పక్క గుంటలో పడే చిన్న చేపలు. తర్వాత, నత్తగుల్ల అనుకున్నది కాళ్ళతో నడుస్తుంది. అది సన్యాసి పీత. దాని పొట్ట భాగం మెత్తగా, ఒంపు తిరిగి ఉంటుంది. కప్పుకోవడానికి సొంత పెంకు లేదు. చచ్చిన నత్త వదిలిన గుల్లలో దూరి, ఒళ్ళు పెరిగేకొద్దీ పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. మంచి పెద్ద గుల్ల ఒకటి దొరికితే పీతలు సైజు వరుసన చేరతాయి. పెద్దది కొత్తదాంట్లోకి మారితే దాని పాతది తర్వాతిదానికి, దానిది ఆ తర్వాతిదానికి. ఒడ్డున "ఖాళీ గుల్లే కదా" అని మనం ఏరుకునేది ఆ వరుసలో ఎవరికో రావలసిన ఇల్లు.

కదలనివి కనబడటానికి ఇంకా ఓపిక కావాలి. రాళ్ళ పైభాగాన సున్నం చల్లినట్టు కనబడే గరుకు మొటిమలు బార్నకిళ్ళు. చూస్తే గుల్లల్లా ఉంటాయి గానీ ఇవి పీతలకూ రొయ్యలకూ చుట్టాలు. పిల్ల దశలో నీళ్ళల్లో ఈదుతూ వచ్చి, నచ్చిన రాయి దొరకగానే తలను రాతికి జిగురుతో అతికించుకుంటాయి. చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటాయి. ఇక జీవితాంతం తలకిందులుగా ఉండి, నీళ్ళు పైకి వచ్చినప్పుడు తలుపు తీసి ఈకల్లాంటి కాళ్ళను బయటికి చాచి తిండిని లోపలికి దువ్వుకుంటాయి. నీళ్ళు తగ్గగానే తలుపు మూసుకుని లోపలి తడిని కాపాడుకుంటాయి. చార్లెస్ డార్విన్ 1846లో వీటి మీద పని మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు వీటితోనే గడిపాడు. పరిణామ సిద్ధాంతాన్ని అప్పటికే కాగితం మీద పెట్టిన మనిషి, దాన్ని అచ్చు వేయించకుండా ఈ మొటిమల లోపలి నిర్మాణం గీస్తూ కూర్చున్నాడు. ఒక్క జీవజాతి సమూహాన్ని ఆమూలాగ్రం చూడటం అంటే ఏమిటో అతనికి ఆ ఎనిమిదేళ్ళలో తెలిసింది. మనకు పది నిమిషాలు కూర్చోవడం బరువనిపిస్తే డార్విన్‌ను తలుచుకోవాలి.

బార్నకిళ్ళ పక్కనే చిన్న గొడుగులా రాతికి అతుక్కున్నది లింపెట్. నీళ్ళున్నప్పుడు బయల్దేరి రాతి మీది నాచును నాలుక మీది పళ్ళతో గీరి తింటుంది. చాలా జాతుల లింపెట్లు మేత ముగించుకుని మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి కూర్చుంటాయి. పెంకు అంచు ఆ రాతి గరుకుకు సరిగ్గా సరిపోయేలా అరిగి ఉంటుంది. ఐరోపా తీరపు లింపెట్ పళ్ళను పరీక్షించిన బ్రిటన్ శాస్త్రవేత్తలు, జీవుల శరీరాల్లో అప్పటిదాకా కొలిచిన పదార్థాలన్నిటిలోనూ అదే దృఢమైనదని 2015లో ప్రకటించారు. ఆ పళ్ళలో ఇనుప ఖనిజపు సన్నని పోగులుంటాయి. కాలితో తన్ని చూద్దామనిపించే ఆ చిన్న బుడిపెకు అంత కథ ఉంది. తన్నితే పట్టు తప్పుతుంది, పెంకు అంచు విరుగుతుంది, లోపలి తడి పోయి ఎండకు చస్తుంది.

ఇసుక, గుల్ల ముక్కలు అంటుకున్న జిగురు ముద్దలా ఏదైనా కనబడితే అది ముడుచుకున్న సీ ఎనిమోన్. నీళ్ళు పైకి వచ్చాక విచ్చుకుని పువ్వులా ఉంటుంది గానీ దాని రేకులన్నీ కుట్టే చేతులు. పచ్చటి చాపలా రాతిని కప్పిన మెత్తని చిన్న గొట్టాల గుంపు జోయాంథిడ్‌లు. వీటిలో పాలిథోవా రకాల్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. వాటిని ముట్టుకోవద్దు, ముట్టుకున్న చేయి కంట్లో పెట్టుకోవద్దు.

ఒక గంటసేపు చూశాక రాతి మీద అడ్డంగా పట్టీలున్నాయని గమనిస్తారు. పైన తుంపర మాత్రమే తగిలే చోట చిన్న నత్తలు, దాని కింద బార్నకిళ్ళు, ఆల్చిప్పలు, ఇంకా కింద నాచు, ఎనిమోన్లు. ఎంతసేపు ఎండకు ఓర్చుకోగలదో దాన్ని బట్టి పై హద్దు, కింద ఎవరు తినేస్తారో, ఎవరు తోసేస్తారో దాన్ని బట్టి కింది హద్దు. గుంటలోనూ బతుకు అంత సులువు కాదు. మధ్యాహ్నం ఎండకు నీరు వేడెక్కుతుంది, ఆవిరై ఉప్పు చిక్కనవుతుంది. వాన పడితే ఒక్కసారిగా చప్పబడుతుంది. పగలు నాచు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి అదే నాచు దాన్ని వాడుకుంటుంది. ఒక్క రోజులో ఇన్ని మార్పులు తట్టుకుంటున్న ప్రాణికి మన వంతు కష్టం కూడా కలపకపోవడమే మర్యాద.

చేతులు

పిల్లలను తీసుకెళ్తే ఒక రాయినైనా ఎత్తి చూడకుండా ఉండలేరు, నేనూ ఉండమనను. రాయి కిందే స్పంజికలు, పురుగులు, పెళుసు నక్షత్రాలు ఉంటాయి. చేతిలో పట్టేంత రాయినే, మీ వైపుకు మెల్లగా లేపండి. చూసి, ఎలా ఉందో అలాగే, అదే ముఖం కిందికి ఉండేలా దించండి. తిరగేసి వదిలేస్తే నీడకు అలవాటైనవి ఎండకు చస్తాయి, ఎండ కావలసిన నాచు చీకట్లో చస్తుంది. వేళ్ళు నలగకుండా ఎలా దించుతామో అడుగున ఉన్నవీ నలగకుండా అలాగే.

సముద్ర నక్షత్రం రాతికి పట్టుకుని ఉంటే లాగకూడదు. దాని అడుగున నీటి ఒత్తిడితో పనిచేసే వందల గొట్టపు కాళ్ళుంటాయి. లాగితే అవి తెగి రాతికే ఉండిపోతాయి. బకెట్‌లో నీళ్ళు పోసి నాలుగు జీవుల్ని అందులో వేసి పిల్లలకు చూపించడం కూడా వద్దు. కాసేపట్లో ఆ నీరు వేడెక్కి, ఊపిరాడక, ఒకదాన్నొకటి కుట్టుకుని చస్తాయి. గుంట దగ్గరికే పిల్లల్ని తీసుకెళ్ళండి.

అసలు చేయి పెట్టకూడనివి కొన్ని. శంకువు ఆకారంలో అందమైన గీతలున్న కోన్ నత్త బాణంలాంటి పంటితో విషం ఎక్కిస్తుంది. కొన్ని జాతుల కాటుకు మనుషులు చనిపోయారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీలి బుడగలు, వాటి దారాలు ఎండిపోయినట్టున్నా కుడతాయి. చూపు దూరని సందులో వేలు పెట్టకండి.

ప్రేమించి ఖాళీ చేసినవాళ్ళు

ఇక్కడ ఇంగ్లండు కథ ఒకటి చెప్పాలి. ఎందుకంటే ప్రకృతి మీద ప్రేమ ఉంటే చాలు, మిగతాది అదే వస్తుందని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను.

1850 దశకంలో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త డెవన్ తీరపు రాతి గుంటల గురించి పుస్తకాలు రాశాడు. భక్తిపరుడు, అద్భుతమైన చిత్రకారుడు. సముద్ర జీవుల్ని గాజు తొట్టిలో ఎలా బతికించాలో 1854లో రాసిన అక్వేరియం పుస్తకంలో వివరించాడు. ఆ పుస్తకాలు చదివి ఇంగ్లండు మధ్యతరగతి సముద్రం మీద పడింది. రైళ్ళలో వచ్చారు, సుత్తులు, ఉలులు, జాడీలు తెచ్చుకున్నారు, ఎనిమోన్లను రాతి ముక్కతో సహా చెక్కుకుపోయారు. ఇంటికి చేరాక తొట్టిలోవి ఎక్కువ భాగం చచ్చాయి. మళ్ళీ వచ్చారు. అతని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో అచ్చయిన ఫాదర్ అండ్ సన్ అనే పుస్తకంలో, తన చిన్ననాటి ఆ గుంటలు ఎలా బోసిపోయాయో, ఆ నాశనానికి దారి తెరిచింది తన తండ్రి పుస్తకాలేనన్న సంగతి తండ్రిని ఎలా కుంగదీసిందో రాశాడు. వచ్చినవాళ్ళలో ఎవరూ దుర్మార్గులు కారు. అందరూ ఆ జీవుల్ని ఇష్టపడినవాళ్ళే. చూపు నేర్చుకున్నారు గానీ చేతులు కట్టుకోవడం నేర్చుకోలేదు.

"ఒక్కటి తీస్తే ఏమవుతుంది?" అని అడిగేవాళ్ళకు ఇంకో కథ. రాబర్ట్ పెయిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1963లో వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ ఒడ్డున ఒక రాతి ముక్కను ఎంచుకుని, అందులో ఒకే ఒక జాతి సముద్ర నక్షత్రాన్ని ఎప్పటికప్పుడు ఏరి సముద్రంలోకి విసిరేశాడు. పక్కనున్న ముక్కను ముట్టుకోలేదు. ఆ నక్షత్రాలు మస్సెల్ చిప్పల్ని తింటాయి. తినేవాళ్ళు లేకపోయేసరికి మస్సెల్ చిప్పలు రాతిని ఆక్రమించి మిగతావాటిని తోసేశాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. పక్క ముక్క ఎలా ఉన్నది అలాగే ఉంది. ఇలా సంఖ్యలో తక్కువైనా మొత్తం కట్టడాన్ని నిలబెట్టే ప్రాణికి 1969లో అతను పెట్టిన కీలక జాతి అనే పేరు ఇప్పుడు ప్రతి జీవశాస్త్ర పాఠంలోనూ ఉంది. మన రాళ్ళ మీద కీలకం ఎవరో చూసి చెప్పేంత తెలివి మనలో ఎవరికీ లేదు. అందుకే ఏదీ తీయకూడదు.

మనం చేయగలిగినవి

చట్టం మీ వైపే ఉంది, ఆ సంగతి తెలుసుకోండి. పోటు గీతకూ ఆటు గీతకూ మధ్య నేలను తీర క్రమబద్ధీకరణ ప్రకటన సీఆర్‌జడ్ 1బీ అని వర్గీకరించింది. మొదటి ప్రకటన 1991లో వచ్చింది, ఇప్పుడు అమల్లో ఉన్నది 2019 నాటిది. మీ ఊరి ఒడ్డున రాళ్ళ మీద సిమెంటు పోస్తుంటే, ఎవరు అనుమతి ఇచ్చారని అడిగే హక్కు మీకుంది. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, పగడపు జీవులు, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. ఒడ్డున దుకాణాల్లో తళతళలాడే పెద్ద శంఖాల్లో చాలావరకు బతికున్న జీవిని చంపి తీసినవి. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన గుల్లకు ఆ మెరుపు ఉండదు. కొనడం మానేయడం మన చేతుల్లోని పని.

అయితే ఆల్చిప్పలు కొట్టుకుని కూర వండుకునే మత్స్యకార కుటుంబాన్ని చూసి నీతులు చెప్పకండి. తరతరాలుగా ఆ రాళ్ళతో బతుకుతున్నవాళ్ళు. ఏ గుంటలో ఏముంటుందో, ఏ నెలలో ఏది గుడ్లు పెడుతుందో వాళ్ళకే ఎక్కువ తెలుసు. రాతి తీరానికి పెద్ద దెబ్బ తగులుతున్నది నగరపు గెడ్డల నుంచి. వాన పడగానే గెడ్డల్లో పేరుకున్న ప్లాస్టిక్ సంచులు, మురుగు, థర్మకోల్ ముక్కలు నేరుగా ఆ గుంటల్లోకే వస్తాయి. సముద్రానికి ఐదు కిలోమీటర్ల దూరంలో మీ వీధి కాలువలో వేసిన బిస్కెట్ కవరు కూడా.

ఒడ్డు శుభ్రం చేసే కార్యక్రమాలకు వెళ్తే ప్లాస్టిక్, తెగిన వలలు, గాజు తీయండి. కొట్టుకొచ్చిన నాచును చెత్తగా ఊడ్చేయకండి. దాని కింద వందల చిన్న ప్రాణులు మేస్తాయి. అసలు ఇసుక కూడా ఖాళీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి. ఎన్. గణపతి, ఆయన శిష్యులు వాల్తేరు ఇసుకలో రేణువుల మధ్య తడిలో బతికే, కంటికి ఆనని జీవుల గురించే పరిశోధన పత్రాలు ప్రచురించారు. మన ఊరి ఇసుక శాస్త్ర ప్రపంచంలో అలా నమోదై ఉంది.

చలికాలం చివర రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లవారు జామున ట్రాక్టర్ చక్రం గుర్తులాంటి జాడ నీళ్ళ నుంచి పైకి వెళ్ళి తిరిగి వచ్చి ఉంటే దాని మీద నడవకండి, తవ్వకండి. అటవీ శాఖకు కబురు చేయండి. వాళ్ళు గుడ్లను కాపలా ఉన్న చోటికి మారుస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. రాత్రి తాబేలు కనబడితే టార్చి, ఫోన్ వెలుగు ఆపేయండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, తిథి, ఆటు వేళ, గుంట ఎక్కడుందో గుర్తు, ఏం చూశారో. పేరు తెలియకపోతే రంగు, సైజు, ఎన్ని కాళ్ళు, ఏం చేస్తోంది రాయండి. పేరు కంటే ఆ వివరమే విలువైనది. ఫొటో తీసినవాటిని ఐనాచురలిస్ట్‌లో పెడితే తెలిసినవాళ్ళు గుర్తుపట్టి చెబుతారు, ఆ నమోదు పరిశోధకులకు అందుబాటులో ఉంటుంది. ముంబైలో 2017లో మొదలైన మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై బృందం ఇలాగే సామాన్యులను ఆటు నడకలకు తీసుకెళ్ళి, ఆ మహానగరపు ఒడ్డున పగడాలు, ఆక్టోపస్‌లు ఉన్నాయని జనానికి చూపించింది. విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అలాంటి నడకలు నిర్వహిస్తోంది. మొదటిసారి తెలిసినవాళ్ళతో వెళ్ళడమే మంచిది. రెండోసారి నుంచి అదే గుంటకు వెళ్ళండి. కొత్త చోటు కోసం తిరగకండి. మాఘంలో చూసిన గుంటను శ్రావణంలో చూస్తే, ఉన్నవి ఏవి, పోయినవి ఏవి, కొత్తగా వచ్చినవి ఏవి అని పోల్చుకోవడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. అధికారుల ముందు మాట్లాడవలసి వచ్చిన రోజున "ఇక్కడ జీవులున్నాయండీ" అనే మాటకంటే ఏడాది పొడవునా రాసిన ఆ పేజీలు బలంగా నిలబడతాయి.

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగు కుటుంబాలకు మాస్ బీచ్‌లోని ఫిట్జెరాల్డ్ మెరైన్ రిజర్వ్ తెలిసే ఉంటుంది. అక్కడ ఖాళీ గుల్ల కూడా తీసుకెళ్ళకూడదన్నది నియమం, జనం పాటిస్తున్నారు. మన దగ్గర అలాంటి బోర్డు లేని చోట ఆ బోర్డు పని మనమే చేయాలి. ఎలాగో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది కోపంతో పని చెడగొట్టుకుంటారు.

ఎవరో పిల్లవాడు సముద్ర నక్షత్రాన్నో, బతికున్న నత్తనో చేతిలో పట్టుకుని తల్లి దగ్గరికి పరిగెత్తుతుంటాడు. అరవకండి. తల్లిదండ్రుల ముందు తప్పు పట్టకండి. దగ్గరికి వెళ్ళి వాడి ఎత్తుకు కూర్చుని, "ఏం దొరికింది నాన్నా? ఏదీ చూడనీ" అనండి. వాడు చూపిస్తాడు. ఏ పిల్లవాడైనా చూపిస్తాడు. అడుగున గొట్టపు కాళ్ళు కదలడం వాడికి చూపించండి. "ఇవి దీని కాళ్ళు. నీళ్ళల్లో ఉంటేనే పనిచేస్తాయి" అని చెప్పండి. "ఎక్కడ దొరికింది?" అని అడిగి, ఆ గుంటకు మిమ్మల్ని తీసుకెళ్ళమనండి. తీసిన చోటే వాడి చేత్తోనే పెట్టించండి. తర్వాత ఎండకు ఎదురుగా కూర్చోబెట్టి, ఆ గుంటలో ఇంకా ఎవరెవరున్నారో వాడినే లెక్కపెట్టమనండి.